గంధర్వుని కొప్పు

ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల మరాఠీ స్త్రీల వేషాన్ని నేడు తిరిగి కల్పింపబూనినవారు ఒక పురుషుని ఛాయాచిత్రాలను పరిశీలింపక తప్పదు. ఆయన 1888లో జన్మించి 1967లో గతించిన బాలగంధర్వుడు. కులస్త్రీలు రంగమెక్కని ఆ దినాలలో, 1911లో ‘మానాపమాన్’ నాటకాన భామినిగా కనిపించిన ఈ నటుని తొమ్మిది గజాల చీరకట్టును, ముక్కున నత్తును, కొప్పున పూలు తురిమిన సొంపును చూచి ఇల్లాండ్రే ఆయనను అనుకరించినారు! అంతకుముందు ఆయన ఆ ఇల్లాండ్రనే గదా పరికించి నేర్చినది.

2011లో వెలువడిన మరాఠీ చలనచిత్రంలో సుబోధ్ భావే ఆ వేషం మరల ధరించినాడు. చీర దొరకును, కొప్పు కుదురును. ఆ నలుపు తెలుపు చిత్రాలు పట్టుచీర రంగును మాత్రం చెప్పవు. కొప్పు ముడిచిన చేతి ఒడుపును అసలే చెప్పవు.