ఊరు == ఊరు?

జావా రాసేవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. రెండు ఇంటీజర్ వేరియబుల్స్‌లో 127 వేసి == తో పోల్చండి, ట్రూ. 128 వేసి పోల్చండి, ఫాల్స్! మైనస్ 128 నుంచి 127 దాకా ఆబ్జెక్టుల్ని జావా ముందే చేసి దాచుకుంటుంది, ఎవరడిగినా అదే చేతికిస్తుంది. హద్దు దాటితే మామూలుగా ప్రతిసారీ కొత్తదే.

మా టీములో కొత్తగా చేరినబ్బాయి "మరి ఏ పోలిక కరెక్టండీ?" అనడిగాడు. రెండూ కరెక్టే. == అడిగేది "ఇది అదేనా?" అని. ఈక్వల్స్ అడిగేది "ఇది అలాంటిదేనా?" అని. ఏ ఫీల్డులు కలిస్తే "అలాంటిది" అవుతుందో తేల్చేది మాత్రం ఆ ఈక్వల్స్ రాసినవాడు. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చేది ఇక్కడే.

గండికోట అంటే మన ఐటీ జనానికి వీకెండ్ ట్రిప్పు. లోయ అంచున ఒక ఫోటో, కింద "ఇండియా గ్రాండ్ కాన్యన్" అని క్యాప్షన్. (ఇదీ ఈక్వల్సే. ఎర్రరాయి, లోయ, అడుగున నది... మూడు ఫీల్డులు కలిస్తే చాలు :)) ఆ కోటకి ఎగువన పెన్నా మీద 26.85 టీఎంసీల రిజర్వాయరుంది. 2020లో అందులో నీటి నిల్వ పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరు మునిగింది. అమ్మమ్మది ఆ ఊరే.

పునరావాస కాలనీ వచ్చింది. ఊరి పేరే దానికీ. మనుషులు కూడా చాలామంది వాళ్ళే. కాగితాల మీద పేరు, కుటుంబాల లెక్క, ఇంటి స్థలం కలిశాయి కాబట్టి ఈక్వల్స్ ట్రూ అంది. పొలానికెంత నడవాలి, అరుగు మీద కూచుంటే ఎవరి గడప కనబడుతుంది అన్నవాటికి ఆ క్లాసులో ఫీల్డులే లేవు. అమ్మమ్మ వాడేది ==. "ఇది మా ఊరి పేరు పెట్టుకున్న కాలనీ రా అబ్బీ, మా ఊరు నీళ్ళల్లో ఉండాది" అంటుంది.

సీమకి నీళ్ళొద్దని నేననను. దశాబ్దాలుగా అడుగుతున్నవే అవి. ఊరు పోయింది, దాని బదులు ఇది ఇస్తున్నాం అంటే నాకు అర్థమవుతుంది. "మీ ఊరే, కాస్త జరిగిందంతే" అంటేనే ఒళ్ళు మండుతుంది. జరగలేదు. పేరు కొత్త ఆబ్జెక్టుకి అసైనయింది, పాతదానికి "పాతూరు" అన్న పేరు మిగిలింది.

మొన్న ఫోన్లో అడిగింది, ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఇంటి గోడలేమన్నా తేలతాయేమో, ఒకసారి తీసకపోతావా అని.