ఊపిరి బిగబట్టిన గంట

“అమ్మా, నన్ను మళ్ళీ కోస్తారా?”

నేను చారుకి పోపు పెడుతున్నాను. విననట్టే గరిటె తిప్పాను. కానీ మా పాపకి పదేళ్ళు. అమ్మ విననట్టు నటిస్తే ఇట్టే పసిగట్టే వయసు.

పాప గుండె లోపంతోనే పుట్టింది. “టెట్రాలజీ ఆఫ్ ఫాలో” అన్నారు. 1888లో ఫాలో అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని వివరించాడు, అందుకని ఆ పేరు. గుండె కింది గదుల మధ్య కన్నం, ఊపిరితిత్తులకి రక్తం వెళ్ళే దారి ఇరుకు, ఇంకో రెండు లోపాలు, మొత్తం నాలుగు. ఏడ్చినప్పుడల్లా పెదాలు నేరేడు పండులా అయిపోయేవి. ఏడాది నిండాక ఆపరేషన్ చేసి కన్నం మూశారు, దారి వెడల్పు చేశారు. గండం గడిచిందనుకున్నాం.

డాక్టరుగారు మాత్రం అప్పుడే చెప్పారు. దారి వెడల్పు చేసినచోట కవాటం లీకవుతుంది. వెనక్కి వచ్చే రక్తంతో కుడివైపు గది ఏళ్ళ తరబడి సాగుతూ పోతుంది. మరీ సాగకముందే కొత్త కవాటం వెయ్యాల్సి రావచ్చు. ఎప్పుడన్నది తెలియాలంటే కొలతలు కావాలి. ఎకో పరీక్షలో ఆ కుడి గది కచ్చితంగా కొలతకి అందదట. ఎం.ఆర్.ఐ.లో అయితే గది ఎంత పెరిగిందీ, ఎంత రక్తం వెనక్కి వస్తున్నదీ లెక్కగా తెలుస్తుంది. సి.టి. స్కాన్‌లోలాగా ఎక్స్‌రే కిరణాలు ఉండవు, పెద్ద అయస్కాంతంతో తీస్తారు.

మొదటిసారి ఐదో ఏట తీయించాం. ఆ వయసు పిల్లలు గంటసేపు కదలకుండా పడుకోలేరని మత్తు ఇస్తామన్నారు. ఆరు గంటల ముందునుంచి అన్నం, పాలు పెట్టొద్దన్నారు. మంచినీళ్ళు ఎప్పటిదాకా ఇవ్వొచ్చో విడిగా చెప్పారు. తెల్లవారుజామున పాప ఆకలని మారాం చేస్తే మా అత్తగారు మనసాగక అరగ్లాసు పాలు పట్టేశారు. మత్తు డాక్టరు అడిగితే పాపే చెప్పేసింది. ఆయన స్కాన్ ఆపేశారు.

కోపం వచ్చిన మాట నిజమే. కడుపులో పాలుంటే మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని ఆయన వివరించేసరికి అత్తగారు వణికిపోయారు. ఆలోచిస్తే తప్పు నాదే. “ఏమీ పెట్టకండి” అన్నానే గానీ, ఎందుకో ఆవిడకి చెప్పలేదు. మళ్ళీ తేదీ దొరకడానికి మూడు వారాలు పట్టింది.

అందుకే ఈసారి ఏదీ దాచకూడదనుకున్నాను. పొయ్యి ఆపి పాపని పక్కన కూర్చోబెట్టుకున్నాను. “స్కాన్‌లో కొయ్యరు తల్లీ. చేతికి సూది ఒక్కటే. ఆపరేషన్ కావాలో అక్కర్లేదో నాకూ తెలీదు. అది చూడ్డానికే వెళ్తున్నాం” అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. “సూది నిజంగా ఒక్కటేనా?” అని మాత్రం అడిగింది.

పదేళ్ళ పిల్ల కాబట్టి మత్తు లేకుండా ప్రయత్నిద్దామన్నారు. ఇక వారం రోజులూ ఇంట్లో అదే ఆట. డైనింగ్ టేబుల్ కింద చాప వేసి, చుట్టూ దుప్పటి కప్పి పడుకోబెట్టేదాన్ని. పచ్చడికి మిక్సీ తిప్పేది సరిగ్గా అప్పుడే. “గాలి పీల్చు, వదులు, ఆపు” అని అత్తగారు పదిహేను దాకా లెక్కపెట్టేవారు. మొదటిరోజు ఆరు దగ్గరే ఫక్కున నవ్వేసింది. వారానికి పదిహేనూ దాటింది.

తోడుగా నేనూ గదిలో ఉండొచ్చన్నారు. అయితే ఒంటిమీద లోహమన్నది ఉండకూడదు. పాప కమ్మలు, పట్టీలు, జడపిన్నులు, నడుముకున్న తాయెత్తు అన్నీ తీశాం. నా గాజులు, మట్టెలు, చీరకున్న పిన్నీసులు సరే, మంగళసూత్రాలు కూడా తియ్యాలనేసరికి నేను తటపటాయించాను. అత్తగారే సంచిలోంచి పసుపుతాడు తీశారు. పసుపు కొమ్ము కట్టి సిద్ధంగా తెచ్చారు. “ముందే అడిగి తెలుసుకున్నానమ్మా ఈసారి” అన్నారు.

పాప ఛాతీ మీద స్టిక్కర్లు అంటించి వైర్లు తగిలించారు. గుండె కొట్టుకునే లయని బట్టి బొమ్మలు తీస్తారట. ఛాతీ మీద పలకలాంటిది పెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో రబ్బరు బంతి ఉంచారు. భయమేస్తే నొక్కాలి. సొరంగం రెండువైపులా తెరిచే ఉంటుంది. చప్పుడు మాత్రం అంతా ఇంతా కాదు, పక్కింట్లో బోరు వేస్తున్నట్టే. మధ్యమధ్య “గాలి పీల్చు, వదులు, ఆపు” అని మైకులో వినిపించేది. పాపతోపాటు నేనూ ఆపేదాన్ని. మధ్యలో చేతి సూదిలోంచి మందు ఎక్కించారు, చల్లగా పాకిందట. గంట పట్టింది. బంతి ఒక్కసారీ నొక్కలేదు.

రిపోర్టు మర్నాడు ఇచ్చారు. లీకు ఉంది. గది కొంచెం పెరిగింది. కవాటం ఇప్పుడే అక్కర్లేదు, రెండేళ్ళకి మళ్ళీ చూద్దామన్నారు. పూర్తిగా గుండె మీద చెయ్యి వేసుకునే మాట కాదు, అయినా మాకు రెండేళ్ళు దొరికాయి.

మీ ఇంట్లో ఇలాంటి పరీక్ష ఉంటే పాత ఆపరేషన్ కాగితాలన్నీ పట్టుకెళ్ళండి. ఛాతీ ఎముకకి వేసిన స్టీలు తీగలు మామూలుగా అడ్డురావుగానీ, అవున్నాయని చెప్పాలి. పేస్‌మేకరుంటే, కిడ్నీ జబ్బుంటే, మందులేవైనా పడకపోతే ముందుగానే చెప్పి తీరాలి. మత్తు ఇస్తే ఆ పూటంతా పిల్లలు మగతగా ఉంటారు, వాంతి కావచ్చు. డాక్టరు సరేనన్నాక ముందు గుక్కెడు నీళ్ళతో మొదలుపెట్టండి. పథ్యం సంగతి ఇంట్లో పెద్దవాళ్ళకి కారణంతో సహా చెప్పండి.

తిరుగు బస్సులో పాప నా ఒళ్ళో తల పెట్టుకుని అంది: “సూది ఒక్కటేనమ్మా, నువ్వు చెప్పినట్టే.”