జురా కొండల్లో మెంతి వాసన

పీపా ముందు పలకకు చిన్న చెక్క మేకు దిగేసి ఉంది. ఆవిడ దాన్ని రెండు వేళ్లతో పట్టి లాగగానే సన్నటి ధార గ్లాసులోకి దూకింది. రెండు గుక్కలు నిండగానే మేకు మళ్లీ బిగించి గ్లాసు నా చేతికిచ్చింది. లేత బంగారు రంగు, తేరుకున్న నువ్వుల నూనెలా ఉంది. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. మెంతులు! అనుమానమే లేదు. మూకుట్లో దోరగా వేగి, ఇంకొక్క క్షణం ఆగితే మాడి చేదెక్కిపోతాయనగా గబుక్కున దించుకునే మెంతులు. ఫ్రాన్సు తూర్పు అంచున, జురా కొండల్లో, ఒక రాతి ఇంటి కింది నేలమాళిగలో నిలబడి ఉన్నదాన్ని, మా అమ్మ ఆవకాయ పెట్టే రోజు పొద్దున్న గుంటూరు వంటింట్లోకి వెళ్లిపోయాను.

నేను మద్యం ముట్టే మనిషిని కాను. మా ఇంట్లో ఆ అలవాటు ఎవరికీ లేదు. ఈ ప్రయాణం కూడా వైన్ కోసం పెట్టుకున్నది కాదు. దిజోన్‌లో ఆహార శాస్త్రం చదువుతున్న మా అక్క కొడుకును చూసి, పచ్చళ్లు ఇచ్చి రావాలని వెళ్లాను. వాడే పట్టుబట్టాడు. "పిన్నీ, రెండు రోజులు నాతో రా. నువ్వేమీ తాగక్కర్లేదు, వాసన చూడు చాలు" అన్నాడు. ఏం వాసనో మాత్రం చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది.

దిజోన్‌లో నాలుగు రోజులు వాన పడింది. అయిదో రోజు తెరిపిచ్చింది. వాడి స్నేహితుడి కారు తీసుకుని దక్షిణంగా బయల్దేరాం. దారిలో అర్బ్వా అనే ఊళ్లో ఆగాం. లూయీ పాశ్చర్ పెరిగిన ఊరు అది. 1860లలో వైన్ ఎందుకు పాడవుతుందో తేల్చడానికి ఆయన పరిశోధనలు చేసింది ఇక్కడి వైన్ల మీదే. కంటికి కనిపించని జీవులు వైన్‌ను చెడగొడుతున్నాయనీ, కొద్దిగా వేడి చేస్తే అవి చస్తాయనీ చూపించాడు. పొద్దున్నే మనం గుమ్మంలో అందుకునే పాల ప్యాకెట్ మీద ఉండే 'పాశ్చరైజ్డ్' అన్న మాటకు మూలం అక్కడ ఉంది. నదిని ఆనుకుని ఉన్న ఆయన ఇంటి ముందు కాసేపు నిలబడ్డాను. లోపలికి వెళ్లే వేళ దాటిపోయింది. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే ఆ ఊళ్లో సర్వం మూతపడుతుంది. రెండు దాకా మంచినీళ్ల సీసా కూడా దొరకలేదు. పని మధ్యలో ఆపి అందరూ ఇంటికెళ్లి కూర్చుని తినడం మంచి అలవాటేనని నాకూ తెలుసు గానీ, దాహం వేసినప్పుడు దాన్ని మెచ్చుకోవడం కష్టం.

ఆ రాత్రి కొండ కింద ఒక పల్లెలో బస. రెండడుగుల మందం గోడలు, నిచ్చెన లాంటి మెట్లు, అర్ధరాత్రికి చల్లబడిపోయే హీటరు. అక్టోబరు చలికి రెండు స్వెట్టర్లు వేసుకుని పడుకున్నాను.

పొద్దున్నే నడిచి కొండెక్కాం. ఇరువైపులా ద్రాక్ష తోటలు, కోత అయిపోయి ఆకులు పసుపు తిరుగుతున్నాయి. కాళ్ల కింద మట్టి నీలం కలిసిన బూడిద రంగు. తడిస్తే చెప్పులకు అంటుకుని వదలని జిగట మట్టి, దాన్ని మార్ల్ అంటారు. దాని పైన నిట్టనిలువుగా సున్నపురాతి కొండ. జురాసిక్ యుగం అన్న పేరు ఈ కొండల నుంచే వచ్చిందని మావాడు చెప్పాడు. ఆ కొండ అంచున, పక్షి గూడు పెట్టినట్టు, షాతో షలోన్ ఉంది. రెండు వందల మంది కూడా లేని ఊరు. పై నుంచి చూస్తే పడమటి వైపు బ్రెస్ మైదానం కంటికి ఆనినంత దూరం పరుచుకుని ఉంటుంది.

ఇక్కడ ఒకప్పుడు బెనెడిక్టిన్ సన్యాసినుల మఠం ఉండేది. మామూలు ఇళ్ల ఆడపిల్లలకు అందులో చోటు లేదు. తరతరాల కులీన వంశమని రుజువు చూపితేనే ప్రవేశం. ద్రాక్ష తోటలు వాళ్ల చేతుల్లో ఉండేవి. ఫ్రెంచి విప్లవంతో మఠం పోయింది, కొన్ని గోడలు మిగిలాయి. ఈ ద్రాక్షను హంగరీ నుంచి తెప్పించింది ఆ సన్యాసినులేనని ఊళ్లో ఒక కథ. పండు పేరు సవాన్యాన్. జన్యు పరీక్షల్లో తేలింది మాత్రం, ఇది మధ్య యూరప్‌లో ట్రమినర్ అని పిలిచే పాత రకమేనని. కథ పోయినా నాకు ఆ ఆడవాళ్లే గుర్తుండిపోయారు. ప్రార్థనకూ పంటకూ మధ్య వాళ్ల రోజులు ఎలా గడిచేవో ఆ గోడల దగ్గర చాలాసేపు ఊహించుకున్నాను.

ఒక ప్రాంతం పేరు ఆ ప్రాంతం సరుకుకే చెల్లాలన్న రక్షణ ఈ ఊరికి 1936లో వచ్చింది. మన బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు 2017లో దక్కింది కదా, అలాంటిదే, ఇంకా కట్టుదిట్టం. షాతో షలోన్, పక్కనున్న మరో మూడు ఊళ్ల తోటలు కలిపినా 50, 60 హెక్టార్లే. మన లెక్కలో నూట యాభై ఎకరాలు దాటదు. మా వైపు ఒక మోతుబరి ఇంటికే ఒకప్పుడు అంత ఉండేది. కోతకు ముందు ఒక బృందం తోటలన్నీ తిరిగి పండు పక్వానికి వచ్చిందో లేదో చూస్తుంది. పంట బాగోలేదనిపిస్తే ఆ ఏడు ఊరి పేరుతో వైన్ ఉండదు. 1974, 1980, 1984, 2001 సంవత్సరాల్లో అలాగే జరిగింది. పేరుకు ధర పలికే చోట, ఆ పేరును రైతులే పక్కన పెట్టేశారు. ఈ సంగతి విన్నాక ఆ ఊరి మీద నాకు పెద్ద గౌరవం కలిగింది. కల్తీ మిరప్పొడి సంచి మీద కూడా గుంటూరు పేరు అచ్చు వేసుకోవడం చూస్తూ పెరిగినదాన్ని.

ఇక నేలమాళిగ. పీపాలోంచి నాకు వైన్ తీసిచ్చిన ఆవిడకు డెబ్బై ఏళ్లుంటాయి. నీలం రంగు పని కోటు, మట్టి అంటిన బూట్లు. ముందు ముభావంగా ఉంది. ఇక్కడి వాళ్లు 'బోంజూర్' అనకుండా మాట మొదలుపెడితే మొహం ముడుచుకుంటారు. ఆ మాట నిదానంగా అని, కళ్లలోకి చూస్తే తలుపు తెరుస్తారు. మావాడు తెలుగులో నాకు చెబుతుంటే, అది ఏ భాష అని ఆవిడ రెండుసార్లు అడిగింది.

పీపాలు రెండు వరసల్లో ఉన్నాయి, ఒక్కొక్కటి 228 లీటర్లది. వైన్ చేసే వాళ్లు మామూలుగా పీపాలో గాలి చేరకుండా ఎప్పటికప్పుడు పైదాకా నింపుతూ ఉంటారట. ఇక్కడ నింపరు. వైన్ కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది, పైన ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలో వైన్ మీద తెల్లటి పొర కడుతుంది. దాన్ని 'వ్వాల్' అంటారు, మేలిముసుగు అని అర్థం. ఒక పీపా పలకకు అద్దం బిగించి ఉంది, దాంట్లోంచి ఆవిడ నాకు ఆ పొరను చూపించింది. ముడతలు పడిన పల్చటి తెల్లటి పొర, కాచిన పాల మీద మీగడలా. బతికి ఉన్న ఈస్టు అది. వైన్‌ను గాలి తినేయకుండా కాపాడుతూ, అదే గాలిని కొంచెం కొంచెంగా వాడుకుంటూ, లోపల వైన్‌ను మార్చేస్తుంది. అందుకే పీపాను పై నుంచి ముట్టుకోరు, కింద మేకు తీసి రుచి చూస్తారు.

నాకు ఇందులో తెలిసినది కొంత, తలకిందులైనది కొంత కనిపించింది. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలి నిలవాలి, ముక్కకు గాలి తగలకూడదు. వాసెన గట్టిగా కట్టాలి, తడి చేయి తగలకూడదు. పైన తెల్లటి పొర కనిపించిందంటే మా ఇంట్లో అదొక అశుభం. బూజు పట్టిందని ఆ జాడీ ఎత్తుకెళ్లి పారబోసేవాళ్లు, ఆ రోజంతా అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇక్కడేమో ఆ పొర కట్టకపోతే ఆవిడకు నిద్ర పట్టదు. పొర ఒక్కో పీపాలో కట్టదు, కట్టినా చెదిరిపోతుంది, ఆ వైన్ వేరే పేరుతో వెళ్లిపోతుంది. మాళిగకు ఎండాకాలపు వేడి, చలికాలపు చలి రెండూ తగలాలని, ఎప్పుడూ ఒకేలా చల్లగా ఉంటే పొర సోమరిదైపోతుందని ఆవిడ అంది.

ఇలా ఆరేళ్లు దాటాలి. కోత అయిన ఏడాది నుంచి ఆరో ఏడాది డిసెంబరు నెల సగం దాకా పీపాలోనే ఉండాలన్నది నియమం. దీన్నే వాన్ జోన్, పసుపు వైన్ అంటారు. నేను వాసన చూసింది ఇంకా నాలుగో ఏటిది. పోసిన ప్రతి లీటరులో చివరికి మిగిలేది సుమారు 62 సెంటీలీటర్లు. పోయిన భాగాన్ని దేవదూతల వాటా అంటారు. సీసా కూడా సరిగ్గా 62 సెంటీలీటర్లదే. పొట్టిగా, చదరపు భుజాలతో ఉంటుంది. క్లావెలాన్ అనే ఇక్కడి మతాచార్యుడి పేరే ఆ సీసాకు పెట్టారు. 2018లో లోన్స్ ల సోనియే పట్నంలో జరిగిన వేలంలో 1774 నాటి వాన్ జోన్ సీసా ఒకటి 1,03,700 యూరోలకు పోయింది. పదహారో లూయీ గద్దెనెక్కిన ఏడాది కోసిన ద్రాక్ష అది.

మెంతుల సంగతి మావాడు అప్పుడు విప్పాడు. వాన్ జోన్‌లో సంవత్సరాలు గడిచేకొద్దీ సోటోలోన్ అనే పదార్థం తయారవుతుంది. మెంతి గింజకు ఆ వాసన ఇచ్చేది కూడా అదే పదార్థం. పోలిక కాదు, అదే అణువు. మెంతులు ఎక్కువగా తిన్న మర్నాడు చెమటలో కూడా ఆ వాసన వస్తుందని బాలింతలు ఉన్న ఇళ్లలో అందరికీ తెలుసు, దానికీ ఇదే కారణం. నేను ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. పులుపు గుచ్చింది, తర్వాత అక్రోటు గింజ పొట్టు వగరు, ఆ తర్వాత చాలాసేపు మెంతులు. ఇంకో చుక్క వేసుకోలేదు. వాసన మాత్రం మళ్లీ మళ్లీ చూశాను.

మధ్యాహ్నమైంది. నా సంచీలో పొద్దున్న దారిలోకని తెచ్చుకున్న పులిహోర ఉంది, స్టీలు డబ్బాలో. మా వైపు చింతపండు పులుసు ఉడికేటప్పుడు వేయించిన మెంతుల పొడి వేస్తాం. మూత తీసి ఆవిడ ముందు పెట్టాను. వాసన చూసింది. నా వైపు, మావాడి వైపు చూసింది. లోపలికెళ్లి ఒక చెంచా, తెరిచి ఉన్న పాత సీసా తెచ్చింది. తెరిచాక కూడా వారాలు నిలవ ఉంటుందట ఆ వైన్. ఒక చెంచా పులిహోర తిని, ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుంది. గింజ పేరు అడిగింది. మావాడు 'ఫెనుగ్రెక్' అన్నాడు. లాటిన్ మూలంలో ఆ మాటకు గ్రీకు ఎండుగడ్డి అని అర్థం. "అది పశువుల మేత కదా!" అని ఆశ్చర్యపోయింది ఆవిడ. ఎన్నాళ్లకు పండుతుందని నన్ను అడిగింది. మూడు నాలుగు నెలలని చెప్పాను. "మూడు నాలుగు నెలలు" అని మెల్లగా తనలో తాను అనుకుని, పీపాల వరస వైపు చూసింది.

కోంతే జున్ను ముక్కలు కోసి పెట్టింది. గట్టిగా, కొరికితే ఉప్పు కల్లు లాంటి పలుకు తగిలే జున్ను. పులిహోర ముగ్గురం డబ్బాలోంచే తిన్నాం. కూర్చోవడానికి తలకిందులు చేసిన డబ్బాలు, మాళిగ తలుపులోంచి పడే ఎండ. తిన్న తర్వాత నేను డబ్బా కడగబోతే ఆవిడ నా చేతిలోంచి లాక్కుని తనే కడిగింది, తువ్వాలుతో తుడిచింది. మెట్లెక్కి వెళ్లి పది నిమిషాలకు తిరిగొచ్చింది. డబ్బా నిండా తన పెరట్లో చెట్టు కింద ఏరుకున్న అక్రోట్లు, మూత పడటం లేదు.

"ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు" అని ఆవిడ అన్నదని మావాడు తెలుగులోకి మార్చి చెప్పేలోపే నాకు అర్థమైంది.