తిరుగుదారి బరువు

వెస్ట్ ఎల్లోస్టోన్‌లో ఆ గ్రిజ్లీ ఎలుగుకు అప్పగించిన పని ఒక్కటే: ఎదురుగా ఉన్న కూలర్ పెట్టెను పగలగొట్టడం. పెట్టెలో చేపలూ వేరుశనగ వెన్నా వేశారు. మూతకు రెండు పక్కలా తాళాలు బిగించారు. ఎలుగు ముందు వాసన చూసింది, పల్టీ కొట్టించింది, గడ్డి మీద కొంతదూరం దొర్లించింది. తర్వాత వెనక కాళ్ల మీద లేచి, ముందుకాళ్లు రెండూ కలిపి, తన బరువంతా వేసి మూత మీద కుదేయడం మొదలుపెట్టింది.

"మావయ్యా, గమనించారా? తాళాల జోలికి పోవట్లేదు. మూలలు వెతుకుతోంది," అన్నాడు మా మేనల్లుడు. నిజమే. కోర పట్టేంత అంచు ఎక్కడైనా దొరుకుతుందేమోనని పెట్టె చుట్టూ మూతితో తడుముతోంది.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ పడమటి ద్వారం దగ్గరున్న చిన్న ఊరు ఇది. ఇక్కడి గ్రిజ్లీ అండ్ వుల్ఫ్ డిస్కవరీ సెంటర్‌ను 1993లో తెరిచారు. ఇందులో ఉన్న ఎలుగులు అడవికి తిరిగి వెళ్లలేనివి. వాటిలో చాలావాటి కథ ఒకటే. చెత్తడబ్బాలకూ, కోళ్లగూళ్లకూ, క్యాంపుల్లో దొరికే తిండికీ మరిగాయి. మనిషంటే బెరుకు పోయింది. ఇక్కడ చోటు దొరక్కపోతే వాటిని చంపేయడం తప్ప అధికారులకు దారి మిగలదు. అలాంటి ఎలుగులకే కూలర్లు, తిండిడబ్బాలు, చెత్తకుండీలు ఇచ్చి పరీక్ష పెడతారు. 60 నిమిషాలపాటు కొరికినా, గీరినా, తొక్కినా తెరుచుకోని వస్తువుకు ఇంటర్‌ఏజెన్సీ గ్రిజ్లీ బేర్ కమిటీ ధ్రువీకరణ దక్కుతుంది. గ్రిజ్లీలు తిరిగే అడవుల్లో తిండి ఎలా దాచుకోవాలో కట్టుదిట్టమైన నియమాలున్నాయి. ఈ ధ్రువీకరణ ఉన్న పెట్టె అక్కడ చెల్లుతుంది.

మనుషుల తిండి మరిగి అడవిని పోగొట్టుకున్న జంతువు, మరో ఎలుగుకు ఆ గతి పట్టకుండా చూసే పనిలో ఉంది. ఇంతకంటే న్యాయమైన పరీక్షాధికారిని నేను ఊహించలేను. గంట గడిచాక సిబ్బంది ఎలుగును లోపలికి పిలిచి పెట్టెను బయటికి తెచ్చారు. ఒక మూల కోర దిగిన లోతైన గుంట ఉంది. మూత మాత్రం ఊడలేదు.

మా మేనల్లుడు బోజ్‌మన్‌లో ఉంటాడు. అక్కడికొచ్చాక బాణంతో ఎల్క్ వేట నేర్చుకున్నాడు. 1985 జనవరి 1 తర్వాత పుట్టిన ఎవరైనా మోంటానాలో వేట లైసెన్స్ కొనాలంటే ముందు వేట శిక్షణ పూర్తి చేయాలి; వాడూ చేశాడు. వాడి పొరుగాయన ఒకరు, అరవై దాటిన మనిషి, కొండల్లోకి రోజుల తరబడి నడిచి వెళ్లి వేటాడే రకం. ఊళ్లోని ఒక చిన్న కుట్టుశాల కొత్తగా తయారుచేసే వేట సంచులను బజారులోకి రాకముందే మోసి చూసి, తప్పొప్పులు రాసిస్తాడు. బోజ్‌మన్‌లో ఈ పనికి పాత వేళ్లున్నాయి. డేనా గ్లీసన్ 1985లో డేనా డిజైన్ అనే సంచుల కంపెనీని ఇక్కడే పెట్టాడు. 2000లో రెనీ సిప్పెల్ బేకర్‌తో కలిసి మిస్టరీ రాంచ్ మొదలుపెట్టాడు. సైనికులూ, అడవి మంటలార్పే సిబ్బందీ, వేటగాళ్లూ దాని సంచులు మోస్తారు. సిట్కా, స్టోన్ గ్లేసియర్ లాంటి వేట సరంజామా కంపెనీలున్నదీ ఈ ఊళ్లోనే. కొండ ఊరి చివరే మొదలవుతుంది కాబట్టి, పొద్దున కుట్టినదాన్ని సాయంత్రం మోసి చూడొచ్చు.

బాణం వేటకు సెప్టెంబర్ మొదట్లో తలుపు తెరుచుకుంటుంది. మేం వెళ్లింది ఆగస్టు చివర్లో, ఎవరి చేతిలోనూ ఆయుధం లేకుండా, సరంజామాను పరీక్షించడానికే. ఎల్లోస్టోన్‌కు ఉత్తరాన ఉన్న అబ్సరోకా కొండల్లోకి. దారి మొదట్లోనే అబ్సరోకా–బేర్‌టూత్ వైల్డర్‌నెస్ అని చెక్కిన బోర్డు కనిపించింది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం ఆ బోర్డు దాటి మోటారు బండి పోకూడదు. మోటారే కాదు, సైకిలూ పోకూడదు, తోపుడు బండీ పోకూడదు. గుర్రాలూ కంచరగాడిదలూ ఉన్నవాళ్లు బరువును వాటిమీద వేసుకుంటారు. లేనివాళ్లకు వీపే గతి.

ఎల్క్ అంటే మన కణుజుల కుటుంబంలోదే, ఇంకా పెద్ద దుప్పి. మగది 300 కిలోలు దాటుతుంది. ఎముకలన్నీ తీసేసినా 90 కిలోల పైచిలుకు మాంసం మిగులుతుంది. మోంటానా చట్టం ప్రకారం తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం నేరం. నాలుగు తొడలూ, వెన్నుకు ఆనుకుని ఉండే కండలూ తెచ్చి తీరాలి. కాబట్టి వేటగాడి అసలు ప్రయాణం జంతువు పడిన తర్వాతే మొదలవుతుంది. అడవిలో పది కిలోమీటర్ల లోతున పడితే ఇద్దరు మనుషులు ఒక్కసారిగా మోసుకురాలేరు, మళ్లీ వెళ్లాలి. ఈలోగా మాంసం చెడకూడదు, ఎలుగు పాలు కాకూడదు.

ఇంట్లో కూర్చుని వేట సామాన్ల ప్రకటనలు చూస్తే ఇదేమీ తెలియదు. అందులో ప్రతి సంచీ శిఖరం మీద, ఎండలో, తేలిగ్గా నవ్వుతూ ఉంటుంది. పొరుగాయన మాత్రం సంచిని చేతికిచ్చిన రోజే కుట్టుశాల వాళ్లను ఒకటే అడుగుతాడట: "నలభై కిలోలతో దిగేటప్పుడు ఏమవుతుంది?"

వేటను నేను ఏ మనసుతో చూశానో కూడా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో పెరిగినవాణ్ణి. నాకు వేట అంటే నేరం, దొంగచాటు పని. అమెరికాలో లెక్క వేరే. 19వ శతాబ్దంలో మాంసం, తోళ్ల వ్యాపారం కోసం విచ్చలవిడిగా కాల్చి జంతువులను దాదాపు తుడిచిపెట్టాక, 1900లో లేసీ చట్టం దొంగవేట సరుకును రాష్ట్రాలు దాటించి అమ్మడాన్ని నేరం చేసింది. 1937లో పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వేసి, ఆ డబ్బును ప్రధానంగా జంతువుల పునరుద్ధరణకు ఖర్చు చేస్తున్నారు. విల్లు, బాణాలు తర్వాత చేరాయి. ఇవాళ మోంటానాలోనే లక్షకు పైగా ఎల్క్‌లున్నాయి. చంపే హక్కుకు వేటగాడే ఖర్చు భరించే ఈ పద్ధతి మన దగ్గర చెల్లుతుందని నేననుకోను. మన అడవులు వేరు, వాటిలో బతికే జనం లెక్క వేరు. కానీ తెచ్చుకున్న మాంసాన్ని ఏడాది పొడుగునా వండుకు తింటూ, ఒక్క ముక్క వృథా అయినా బాధపడే ఆ పెద్దాయనను చూశాక నా పాత కోపం అలాగే నిలబడలేదు.

దాదాపు తొమ్మిదివేల అడుగుల ఎత్తులో, దేవదారు జాతి చెట్ల మధ్య చిన్న వాగు పక్కన మకాం వేశాం. గుడారానికి అడుగు గుడ్డ లేదు, మధ్యలో ఒకే గుంజ. లోపల టైటానియం రేకు పొయ్యి. దాని గొట్టం ఇంకా చిత్రం: పల్చటి రేకును చాపలా చుట్టి తెస్తారు, అక్కడ గొట్టంగా మలుస్తారు. మొదటిసారి బాగా కాలితే ఆ ఆకారం పట్టుకుంటుంది. అందుకే దాని మొదటి మంట ఇంటి పెరట్లోనే కావాలంటాడు పొరుగాయన. మధ్యాహ్నం ఉరిమి వడగళ్లు పడ్డాయి. గుడారం నైలాన్ గుడ్డ తడికి సాగి వేలాడింది. ఆయన వానలోకి వెళ్లి తాళ్లన్నీ మళ్లీ బిగించి వచ్చి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. పాలియెస్టర్ అయితే ఇంతగా సాగదు.

నా ఒంటి మీద నూలు బనియన్ ఉందని తెలిసి, నేను మార్చుకునేదాకా ఆయన ఊరుకోలేదు. మన ఎండలకు నూలును మించిన గుడ్డ లేదు. అదే నూలు అక్కడ తడిస్తే తొందరగా ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. వేసవి కొండమీద కూడా మనుషులు చలికి చచ్చిపోయేది ఇలాగే. మెరీనో ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. పక్షి ఈకల కోటు పొడిగా ఉన్నంతసేపే కోటు. తడిస్తే ఈకలు ముద్దకట్టి అక్కరకు రాదు. రాత్రి పడుకోబోతూ ఆయన నీళ్ల ఫిల్టర్‌ను తన స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకున్నాడు. అందులోని సన్నటి గొట్టాల్లో నీరు గడ్డకడితే అవి చిట్లుతాయి. పైకి ఏమీ కనిపించదు, నీళ్లు మామూలుగానే వస్తాయి, క్రిములు కూడా వస్తాయి.

తెల్లవారి నాకు ఒక పని ఇచ్చారు. ముప్ఫై అడుగుల దూరంలో కళ్లు మూసుకుని నిలబడాలి. మా మేనల్లుడు రెండు కోట్లు ఒకదాని తర్వాత ఒకటి వేసుకుని గుబుర్లలోంచి నడుస్తాడు. ఏది వినిపించిందో చెప్పాలి. వాననీటిని బాగా ఆపే కోటు ప్రతి కొమ్మకూ గరగరమంది. పైన మెత్తటి నూగు ఉన్నది దాదాపు వినపడలేదు. బాణం వేటగాడు ముప్ఫై నలభై గజాల దాకా చేరాలి కాబట్టి, అంగడిలో పట్టని ఈ గరగర అడవిలో ఏడాది ఆశను పోగొడుతుంది. రంగు సంగతి అడిగితే, దానికంత దిగులు లేదన్నాడు పొరుగాయన. దుప్పుల కంటిలో రంగు గుర్తించే కణాలు రెండే రకాలు. నారింజ రంగు వాటికి ప్రత్యేకంగా కనిపించదు. అందుకే తుపాకి సీజన్‌లో నడుము పైన కనీసం 400 చదరపు అంగుళాల నారింజ గుడ్డ వేసుకోవాలని మోంటానా చట్టం చెబుతుంది: మనిషికి కనిపించాలి, జంతువు బెదరకూడదు. "వాసనను మాత్రం ఏ గుడ్డా దాచదు. గాలి ఎటు వీస్తుందో చూసుకోవడమే," అన్నాడాయన.

సంచి పరీక్ష ఆఖరున పెట్టుకున్నారు. సంచి గుడ్డ 500 డెనియర్ల నైలాన్. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. మన చేనేతలో కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, ఇక్కడ అంకె పెరిగితే దారం లావవుతుంది. చట్రానికీ సంచికీ మధ్య ఒక ఖాళీ ఉంటుంది. మాంసం పెట్టేది అందులోనే, వెన్నుకు ఆనేలా. దాన్ని వాగు నీళ్లతో నింపిన రబ్బరు తిత్తులతో నింపారు. లీటరుకు కిలో, లెక్క తప్పదు, కిందికి వెళ్లాక పారబోసేయొచ్చు. నలభై లీటర్లు.

బరువుతో లేచే పద్ధతే వేరు. కూర్చుని పట్టీలు వేసుకుని, ఒక మోకాలి మీదకు ఒరిగి, చేతికర్రలు ఊని లేస్తారు. కావడి మోసేవాడు భుజం మార్చుకుంటూ సేద తీరినట్టు, మా మేనల్లుడు నడుము పట్టీని బిగిస్తూ వదులుతూ బరువును తుంటికీ భుజాలకూ పంచుకుంటూ దిగాడు. ఎక్కేటప్పుడు మాటలు చెబుతూ వచ్చినవాడు దిగేటప్పుడు నోరు మెదపలేదు. వడగళ్ల తడి ఇంకా ఉంది. దిగువన ఆగినప్పుడు పొరుగాయన వాడి నడుము దగ్గర చూసి మొహం చిట్లించాడు. పొద్దున బిగించి సుద్దతో గుర్తుపెట్టిన పట్టీ, తడిసిన బకిల్‌లోంచి రెండు వేళ్ల మేర జారింది. ఎవరూ వదల్లేదు, దానంతటదే జారింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. గ్రిజ్లీల దేశంలో ఎలుగు స్ప్రే డబ్బా నడుముకుంటుంది, సంచిలో కాదు. మిరప ఘాటును ముప్ఫై అడుగుల దూరం చిమ్ముతుంది. కొన్ని సెకన్లలో ఖాళీ అవుతుంది. కొత్త సంచి నడుము పట్టీ వెడల్పు. బిగిస్తే డబ్బా దాని కింద చిక్కుకుంది. ఆయన సీసాలో నీళ్లు నింపి అదే చోట పెట్టి, "తియ్" అన్నాడు. మా మేనల్లుడి చేయి పట్టీ మీద తడుముకుంటూనే ఉంది. రక్తపు వాసన కొట్టే మాంసం మోస్తున్న మనిషికి అంత వ్యవధి ఉండదు.

దారి చివర నీళ్లు పారబోసి, కారు బానెట్ మీద నోట్‌బుక్ పెట్టుకుని ఆయన చాలాసేపు రాశాడు. చట్రం కిర్రుమనలేదు, కుట్లు కదల్లేదు, బరువు వెన్నుకు దగ్గరగా నిలబడింది. ఈ మూడూ మెచ్చుకుంటూ రాశాడు. బకిల్ మార్చాలి, పట్టీకి గరుకు నేత కావాలి, స్ప్రే డబ్బాకు ఛాతీ పట్టీ మీద చోటు కుట్టాలి. మళ్లీ నీళ్లతో, మళ్లీ తడిలో దింపి చూడాలి. సీజన్ మొదలవడానికి పట్టుమని పది రోజులు కూడా లేవు.

"అయితే ఈసారి వేటకు ఏ సంచి?" అని అడిగాను.

"పాతదే," అన్నాడు. "మాంసం దాన్ని నమ్మే తేవాలి కదా."