శివరాత్రికి డేటు జరపలేం

శివరాత్రికి ఇంకా కొన్ని వారాలుండగా కోటప్పకొండ దిగువన ఒక ఊరికి వెళ్లాను. రామాలయం పక్కన రేకుల షెడ్డు. లోపల పొడవాటి గడలు, వెదుర్లు, మోకుల చుట్టలు, కిందటేడు విప్పిన చట్రాలు, బల్బుల తీగలు, ఇనప చక్రాల బండి. ఇవన్నీ కలిస్తేనే ప్రభ. 80, 100 అడుగుల ఎత్తున కట్టి, మీద పడకుండా నాలుగు వైపులా మోకులు పట్టుకుని, ట్రాక్టర్లతో తిరునాళ్లకు లాక్కెళ్తారు. ఒకప్పుడు ఆ పని ఎడ్లది.

నా ఉద్యోగం ఫ్యాక్టరీల్లో ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ పెట్టడం, అంటే కొనుగోళ్లు, తయారీ, అమ్మకాల లెక్కలన్నీ ఒకచోట నడిపేది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల అలాంటి సాఫ్ట్‌వేరే అయిన శాప్ కోర్సు చదివి, ప్రొడక్షన్ ప్లానింగ్ మాడ్యూల్ పట్టుకుని బతుకుతున్న వేలమంది తెలుగువాళ్లలో నేనొకణ్ని. ఏ కంపెనీకి వెళ్లినా మా మొదటి ప్రశ్న ఒకటే: సరుకు ముందే చేసి పెట్టుకుంటారా, ఆర్డరొచ్చాక మొదలుపెడతారా? శాప్‌లో వీటికి నంబర్లున్నాయి. చేసి నిల్వ పెట్టడం 10, ఆర్డరును బట్టి చేయడం 20. అంచనా మీద పూర్తిగా తయారుచేసి, వచ్చే ఆర్డర్లను ఆ అంచనాలోంచి కొట్టేసుకుంటూ పోతే 40. విడిభాగాలు మాత్రం అంచనా మీద సమకూర్చుకుని, చివరి బిగింపు ఆర్డరు కోసం ఆపితే 50.

ఆ షెడ్డులో నాకు కనిపించింది 50. గడలు, మోకులు ఏ ఏడాదైనా కావాల్సినవే, కాబట్టి ఎప్పుడూ ఉంటాయి. నడిమి బొమ్మ శివుడిదా మరొకరిదా, పైన లైట్ల డిజైను ఏమిటి, పక్కన ఎవరి ఫొటోలు పెట్టాలి అన్నది మాత్రం కమిటీలో తేలాలి. చందాలు ఎంత పోగయ్యాయో తెలిస్తేగాని అది తేలదు. ఖర్చుతో కూడిన, మారే అవకాశమున్న నిర్ణయాన్ని వీలైనంత చివరికి నెట్టారు. ఇదే పని చేయడానికి కార్ల కంపెనీలు కన్సల్టెంట్లకు లక్షలు పోస్తాయి.

కొండ మీద గుడిలో లెక్క వేరు. త్రికోటేశ్వరస్వామి ప్రసాదాల్లో పేరున్నది అరిసె. కౌంటరు దగ్గరికొచ్చిన భక్తుడు ఆర్డరిచ్చి నిలబడడు. చేతిలో పెట్టాలి, అంతే. కాబట్టి ముందే చేసి నిల్వ పెట్టాలి. అరిసె నాలుగు రోజులు నిలుస్తుంది గనుక సరిపోయింది. అదే పులిహోర అయితే ఏ పూటకాపూట కలపాల్సిందే.

ఎన్ని అరిసెలు కావాలన్నది అంచనా వేయాలి. ఎంత బెల్లం కావాలన్నది అంచనా వేయకూడదు, అరిసెల సంఖ్యలోంచి లెక్కగట్టాలి. ఐబీఎంలో పనిచేసిన జోసెఫ్ ఆర్లికీ 1975లో ఎమ్మార్పీ మీద రాసిన పుస్తకానికి పునాది ఈ తేడానే. (ఈ ఎమ్మార్పీ సబ్బు పెట్టె మీద ఉండేది కాదు, మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్.) కావలసిన రోజు నుంచి వెనక్కి నడుస్తాం: శివరాత్రికి అరిసె అందాలంటే వాయి ఎప్పుడు దిగాలి, దానికి ముందు పాకం ఎప్పుడు పట్టాలి, పిండి తడి ఆరకముందే పడాలి గనుక మర ఎప్పుడు తిరగాలి, బియ్యం ఎప్పుడు నానాలి, బెల్లం ఎప్పటికి దిగుమతి కావాలి. చలిమిడి దాకా చేసి ఆపి, గిరాకీ చూసి నూనెలో వేద్దామంటే కొంతవరకే సాగుతుంది. ఎండితే అరిసె పగులుతుంది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ బోల్తా పడే చోటొకటి ఉంది. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. 2024లో మార్చి 8న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 26న, 2026లో ఫిబ్రవరి 15న. నెలవారీ పాత అమ్మకాలు చూసి అంచనా కట్టే ప్రోగ్రాముకు ఇది అర్థం కాదు. 2024 లెక్కను నమ్మి 2025 మార్చికి బెల్లం కొనమంటుంది. అప్పటికి తిరునాళ్ల అయిపోయి రంగులరాట్నాలు కూడా ఊరు దాటి ఉంటాయి. పండగ తేదీల పట్టిక విడిగా ఇస్తే తప్ప దానికి దారి దొరకదు. దీపావళికి మిఠాయిలు, ఉగాదికి బట్టలు అమ్మేవాళ్ల దగ్గర కూడా ఇదే చూశాను.

షెడ్డు దగ్గర కమిటీ పెద్దాయనను అడిగాను, "సామాను సరిపోద్దా బాబాయ్?" అని.

"సామానుదేముందబ్బాయ్. డబ్బు పడేస్తే వెదురు వచ్చిద్ది. పైకెక్కి కట్టేవాడే దొరకడు. మనకి కావాల్సిన వారమే చుట్టుపక్కల అన్ని ఊళ్లకీ కావాలి. క్రేనుదీ అదే గోల, ఎలక్ట్రీషియన్‌దీ అదే గోల."

నా మాడ్యూల్‌లో అసలు జబ్బు ఇదే. ఎమ్మార్పీ సామాను లెక్క తప్పకుండా చెబుతుంది. మనుషులు, యంత్రాలు మాత్రం ఎన్ని కావాలంటే అన్ని ఉన్నట్టే అనుకుని తేదీలు వేసేస్తుంది. కెపాసిటీ ప్లానింగ్ విడిగా నడిపితేగాని, ఒకే మనిషి మీద ఒకే రోజు మూడు పనులు పడ్డాయన్న సంగతి బయటికి రాదు. దాన్ని నడపాలంటే ఒక్కో పని స్థానానికి రోజుకు ఎన్ని గంటలున్నాయో ముందు నింపాలి. నేను చూసిన ఫ్యాక్టరీల్లో చాలా చోట్ల ఆ గడిలో అందరికీ ఎనిమిది అని కొట్టి ఊరుకుంటారు. ఆ తర్వాత డెలివరీ ఎందుకు ఆలస్యమైందని మీటింగు పెడతారు, కస్టమరుకు కొత్త డేటు ఇస్తారు.

"ఆలస్యమైతే ఏం చేస్తారు?" అన్నాను.

"ఏం చేసేది? శివరాత్రి మనకోసం ఆగుద్దా?"

అందుకని ఈ ఊరివాళ్లు కట్టేవాడికి సంక్రాంతికే అడ్వాన్సు ఇస్తారట. వాడి రోజులు ఖాయమయ్యాకే కమిటీ మిగతావాటికి తేదీలు వేసుకుంటుంది. దారిలో కరెంటు తీగలు తప్పించాలి గనుక బయల్దేరే వేళ డిపార్టుమెంటుతో అనుకోవాలి. అదే దారిన వచ్చే వేరే ఊళ్ల ప్రభలతోనూ వరస కుదరాలి. అవి తేలాక బొమ్మ, దాని తర్వాత లైట్లు. వెదురు కొనుగోలు ఆ జాబితాలో అట్టడుగున ఉంది. మేం కంపెనీల్లో సామాను కొనుగోలునే మొదట ఎక్కిస్తాం.