తప్పిన మర్నాడు

పోయినేడు హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మం దాకా వచ్చినట్టే. నాన్నకి షుగరుంది, అందుకే భయపడ్డాను. ఆ రోజే ఫోన్లో యాప్ వేసుకుని నడక మొదలుపెట్టాను. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని ఎక్కడో చదివిన నమ్మకం.

19వ రోజు రాత్రి ఆఫీసులో రిలీజ్. తెల్లారేదాకా కాల్స్. నడక తప్పింది, యాప్‌లో లెక్క సున్నాకొచ్చింది. ఉక్రోషంతో యాప్ తీసేశాను. దాంతోపాటే నడకా పోయింది.

తర్వాత లండన్‌లో ఫిలిపా లాలీ బృందం చేసిన అధ్యయనం గురించి చదివాను. 2010లో అచ్చయింది. అలవాటు కుదురుకోడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పట్టొచ్చట. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాదట.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అడిగాను, "పదేళ్ళుగా నడుస్తున్నావు, ఒక్కరోజూ మానలేదా నాన్నా?"

"మానకేం రా! వానొస్తే మానేస్తా. మర్నాడు వెళ్తా."

ఆ మర్నాడే నాకు తట్టలేదు. ఒక బిల్డ్ ఫెయిలైందని ప్రాజెక్టంతా డిలీట్ చేస్తామా?

ఇప్పుడు యాప్ లేదు. మొన్న బుధవారం నడక తప్పింది. గురువారం వెళ్ళాను.