గడీ గోడలు

హెబ్బగోడిలో రోజూ వినే కన్నడం మాట ‘గడి’, అంటే సరిహద్దు. తెలంగాణ గడీ వేరండీ: ఎత్తు గోడలు, బురుజులు, లోపల దొర నివాసం, ధాన్యపు కొట్లు. బ్యాంకువాణ్ణి కనక నాకు ఆ కొట్లే ముఖ్యం. గింజలు అప్పిచ్చి, వడ్డీ గింజలతో సహా వసూలు చేసేవారు. దాన్ని ‘నాగు’ అనేవారు.

దక్షిణ ఇటలీ తీరంలోనూ ఇలాంటి కోట కమతాలున్నాయి. వాటి పేరు మాసెరియా. వాటికి సముద్రపు దొంగల భయం; మన గడీలకు ఊరివాళ్ల భయం!

జనగామ జిల్లా కడవెండిలో 1946 జూలై 4న సంఘం ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. సాయుధ పోరాటం అక్కడే రాజుకుంది.

పాలకుర్తి కూడా చూడండి. చాకలి ఐలమ్మ సంఘం అండతో తన పంటను ఆ దొరకు దక్కకుండా ఇంటికి చేర్చుకున్నది అక్కడే.